పాలీసిక్స్ మతిమరుపు

జూన్ 9, సోమవారం

మాస్టారి పాలీసిక్స్ మధ్యాహ్నం ఆటోలో దిగింది. వెనక సీటంతా దానికిచ్చి ఆయన డ్రైవరు పక్కన ఇరుక్కుని వచ్చారు. మద్రాసు రికార్డింగుల రోజుల్లో వాయించిన పెట్టె. వాళ్ళ బావమరిది సింగపూర్ నుంచి తెచ్చాడట. కోర్గ్ కంపెనీ 1981లో విడుదల చేసిన సింథసైజరు: ఒకేసారి ఆరు స్వరాలు పలుకుతుంది, 32 సౌండ్లు దాచుకుంటుంది.

"దీనికి మతి పోయిందయ్యా," అన్నారు కుర్చీలో కూలబడుతూ.

"ఎప్పుడు మరిచిపోతోంది మాస్టారూ?"

"ఎప్పుడేమిటి? ఎప్పుడూ."

ఈ ప్రశ్నకి సరైన జవాబు రాబడితే సగం పని అయినట్టే. మెమరీ పోయిందని తెచ్చేవాళ్ళందరిదీ ఒకటే మాట, లోపలి జబ్బులు మాత్రం వేరు. స్విచ్ ఆపి వేస్తే పోతోందంటే ముందు సెల్‌ని అనుమానించాలి. ఆన్‌లో ఉండగానే, దాచిన మరునిమిషానికే తప్పుగా వస్తోందంటే సెల్‌కి దాంతో సంబంధం లేదు. మెమరీ చిప్పో, అక్కడిదాకా వెళ్ళే ట్రాకులో చూడాలి. రోజూ బాగానే ఉండి, కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం ఒకటో రెండో సౌండ్లు చెడుతుంటే అది ఇంకో కథ. దాచింది దాచినట్టే ఉండి, పెట్టె వేడెక్కాక పలుకు జారిపోతుంటే అది అసలు మెమరీ గొడవే కాదు. సౌండ్లు రాసుకోనిచ్చే రైట్ స్విచ్ వెనక ఆపేసి ఉండటం వల్ల ఏదీ దాచుకోక, మెమరీ పోయిందని మోసుకొచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ దగ్గర డబ్బులు అడగాలంటే నాకే మొహమాటం.

మాస్టారిని గుచ్చి గుచ్చి అడిగితే తేలిందేమిటంటే, చాలా ఏళ్ళుగా అటక మీదే ఉంది. మొన్న మనవడు దించి ప్లగ్ పెట్టాడు. కొన్ని మెట్లు పలకవు, కొన్ని నొక్కితే వేరే స్వరం వస్తుంది. సౌండు బటన్లు ఏవి నొక్కినా గరగర, లేదంటే మౌనం. మెట్లకీ జబ్బు పాకిందంటే సెల్ చచ్చిపోవడం ఒక్కటే కాదు, కారింది కూడా. మూత విప్పకుండానే పందెం కట్టొచ్చు.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నా సౌండ్లు లోపలే ఉంటాయిగా?" అన్నారు. ఉండవని చెప్పాను. సెల్ ఆగిన రోజునే అవి పోయి ఉంటాయి. నమ్మినట్టు కనిపించలేదు.

జూన్ 11, బుధవారం

మూత ఎత్తాను. కేఎల్ఎం-367 బోర్డు. ప్రాసెసరూ మెమరీ సెల్లూ రెండూ దాని మీదే. అందుకే పాలీసిక్స్ విషయంలో సెల్ కారితే మెట్లూ పోతాయి, సౌండ్లూ పోతాయి.

సెల్ అంటే మూడు నికెల్ కాడ్మియం సెల్లుల కట్ట, 3.6 వోల్టులది. చివర్లలో ఉప్పు పేరినట్టు తెల్లటి పొడి, దాని చుట్టూ పచ్చ చిలుము. నలభై ఏళ్ళు దాటిన సెల్‌ని తిట్టుకుని లాభం లేదు, దాని ఆయువు ఎప్పుడో తీరింది. లోపల ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్, ఘాటైన క్షారం. కారి ఒకచోట ఆగితే ఇంత బాధ ఉండదు. ఇది పాకుతుంది. బోర్డు మీది ఆకుపచ్చ పూత కిందికి దూరి రాగి ట్రాకు వెంబడే నడిచి, చిల్లుల్లోంచి అవతలి వైపు తేలుతుంది. పైకి శుభ్రంగా కనిపించే చోట గోటితో గీరితే పూత పొట్టులా లేచింది. కింద రాగి బదులు నల్లటి మసి.

గ్లవ్స్ తొడుక్కుని ముందు సెల్లు తీసేశాను. కాడ్మియం విషం, చెత్తబుట్టలో వెయ్యకూడదు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాను. తర్వాత దూది పుల్లతో తెల్ల వెనిగర్. తగలగానే పొడి సన్నగా నురగ కక్కింది. క్షారం గాలితో కలిసి కార్బొనేటుగా మారితే అలాగే పొంగుతుంది. వంటసోడా వెయ్యమని చెప్పేవాళ్ళుంటారు. అది కారు బ్యాటరీకి చెప్పే వైద్యం, అక్కడ కారేది యాసిడ్. ఇక్కడ సోడా వేస్తే క్షారానికి క్షారం తోడవుతుంది. వెనిగర్ తర్వాత డిస్టిల్డ్ వాటర్, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్. రాత్రంతా ఫ్యాన్ కింద ఆరబెట్టాను.

జూన్ 12, గురువారం

బోర్డు ఆరుతోంది. చేతిలో పని లేదు.

ఈ పెట్టెల్లో శబ్దం పుట్టించేదంతా అనలాగ్. ఆసిలేటరు, ఫిల్టరు, ఆంప్లిఫయరు మూడూ వోల్టేజి మాటే వింటాయి. మెమరీకేమో అంకెలు కావాలి. అందుకని ప్రాసెసరు ముందు ప్యానెల్ మీద నాబ్‌లన్నిటినీ వరసగా చూసి, ఒక్కోటి ఎంత తిరిగి ఉందో అంకెగా మార్చి మెమరీలో రాస్తుంది. సౌండు పిలిచినప్పుడు అంకెని మళ్ళీ వోల్టేజి చేసి, 4051 లాంటి స్విచ్ చిప్పుల గుండా పంచి, ఒక్కో బుల్లి కెపాసిటర్లో ఒక్కో వోల్టేజి నిలబెడుతుంది. ఆ కెపాసిటర్లు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి కాబట్టి సెకనుకి ఎన్నోసార్లు తిరిగి నింపుతూ ఉంటుంది. కెపాసిటరో, దాని వెనక ఉన్న ఆప్-ఆంపో చెడితే నింపేలోపే వోల్టేజి జారుతుంది. "దాచినది మారిపోతోంది" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడివే. మెమరీ చిప్ నిర్దోషి.

ఈ మెమరీ లేని రోజుల్లో వాద్యకారులు నాబ్‌ల బొమ్మలు అచ్చు వేసిన కాగితాల మీద ముల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకునేవాళ్ళు. యమహా సీఎస్-80 వాళ్ళది ఇంకో తోవ. దాని మీద ఒక మూత తెరిస్తే అసలు ప్యానెల్‌కే అచ్చుగుద్దిన నాలుగు బుల్లి ప్యానెళ్ళు, పుల్లల్లాంటి స్లైడర్లతో. సౌండు దాచుకోవాలంటే వాటిని చేత్తో జరిపి పెట్టుకోవాలి. సెల్ లేదు, చిప్ లేదు, మరిచిపోయే ప్రసక్తే లేదు. కాకపోతే పెట్టె బరువు సుమారు వంద కిలోలు.

1978లో డేవ్ స్మిత్ కాలిఫోర్నియాలో ప్రాఫెట్-5 తెచ్చాడు. లోపల జడ్80 ప్రాసెసరు, 40 సౌండ్లు, మెమరీని కాపాడే సెల్. బటన్ నొక్కితే అయిదు స్వరాల సౌండు మొత్తం మారిపోతుంది. ఇవాళ నా బల్ల మీదికి వచ్చే మతిమరుపు పెట్టెలన్నీ ఆ దారిలో వచ్చినవే.

జూన్ 14, శనివారం

కృష్ణానగర్ కుర్రాడు ఒకడు జూనో-106 తెచ్చాడు. రోలాండ్ వాళ్ళది, 1984 నాటిది. 128 సౌండ్లు, అన్నీ చెత్త. దీన్లో సెల్ లిథియం, సీఆర్2032, కాళ్ళతో బోర్డుకి టంకం వేసి ఉంటుంది. 0.4 వోల్టులు చూపించింది. తీసేసి హోల్డరు పెట్టాను.

కొత్త సెల్ వేసినా చెత్త చెత్తగానే ఉందని వాడు బెంగపడ్డాడు. ఉంటుంది మరి. దీన్లో కంపెనీ సౌండ్లు రామ్‌లోనే ఉంటాయి, వెనక్కి తెచ్చుకోవడానికి రామ్ తప్ప లోపల ఇంకెక్కడా నకలు లేదు. టేపులోంచి గానీ మిడీ ద్వారా గానీ మళ్ళీ ఎక్కించాల్సిందే. నా దగ్గరున్న వేవ్ ఫైలు టేప్ ఇన్‌కి ఆడించాను, పట్టేసింది.

అప్పుడు బయటపడింది, ఆరు మెట్లకోసారి స్వరం మాయం. "మెమరీ ఇంకా సరిగ్గా లేదన్నా" అన్నాడు. ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ వేస్తే టెస్ట్ మోడ్ వస్తుంది. ఏ మెట్టుకి ఏ వాయిస్ పలుకుతోందో అంకెలో చూపిస్తుంది. నాలుగోది మూగ. అది 80017ఏ అనే వాయిస్ చిప్ జబ్బు, జూనో-106 ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. మెమరీ బిల్లు వేరు, దాని బిల్లు వేరు అని చెప్పి పంపాను. వెళ్ళే ముందు ఒకటి నేర్పాను: వెనక మిడీ ఫంక్షన్ స్విచ్ మూడులో పెట్టి ఒక్కో సౌండు బటన్ నొక్కితే, ఆ సౌండు తాలూకు అంకెలన్నీ మిడీలో బయటికి వస్తాయి. కంప్యూటర్లో పట్టుకోవచ్చు. 128 సార్లు నొక్కాలి. బద్ధకించకు అన్నాను.

జూన్ 17, మంగళవారం

పాలీసిక్స్ బోర్డుకి ట్రాకులు కట్టాను. మసి అయిన రాగిని ఫైబర్ పెన్నుతో మెరిసేదాకా గీరడం, ఫ్లక్స్, పల్చగా టంకం. పట్టిన చోట పట్టింది. పట్టని చోట సన్న వైరుతో జంపర్లు. మీటరు బీప్ అంటే చాలనుకోను. బోర్డుని కొంచెం వంచి మళ్ళీ బీప్ వింటాను. సెల్ పక్కనున్న ఐసీ సాకెట్లు తీసేసి కొత్తవి వేశాను. పైకి బాగున్న సాకెట్ కిందే ఎక్కువ చిలుము దొరికింది.

సాయంత్రానికి మెట్లన్నీ సరైన స్వరం పలికాయి. మాన్యువల్ బటన్ నొక్కితే, అంటే నాబ్‌లు ఎక్కడుంటే ఆ సౌండు, చక్కగా ఉంది. పాలీసిక్స్ ఎన్సెంబుల్ ఎఫెక్టు వేసి మెట్ల మీద ఒక కార్డు పట్టుకుని కాసేపు అలా ఉండిపోయాను. ఆరు స్వరాలు, ఒక్కోదానికి ఒక్కటే ఆసిలేటరు, అయినా ఆ నిండుతనం ఎక్కడిదో!

జూన్ 19, గురువారం

ఇవాళ మెమరీ పరీక్ష. పద్ధతి సులువు: ఒక్కో మెమరీ గదిలో వేరు వేరు సౌండు దాచి, అన్నీ అయ్యాక వరసగా వినాలి.

ఏ1లో దాచిన సౌండు పోయి, సీ1లో దాచినదే ఏ1లోనూ పలికింది. ఏ2లో సీ2. బీ5లో డీ5. అంటే 32 గదులున్నా నిజానికి 16 సౌండ్లే. 32లో ఒకదాన్ని ఎంచడానికి అయిదు గీతలు చాలు, ఒక్కోదాని మీద సున్నా అయినా ఉంటుంది, ఒకటి అయినా ఉంటుంది. వాటిలో ఒకటి తెగితే గదులు జంటలు జంటలుగా కలిసిపోతాయి. ఏ గది ఏ గదితో కలిసిందో చూస్తే ఏ గీత తెగిందో కూడా తెలుస్తుంది. మెమరీ చిప్ మార్చాలని తొందరపడేవాళ్ళు ముందు ఈ వినికిడి పరీక్ష చేస్తే బోలెడు చిప్పులు బతుకుతాయి. తెగినది ప్రాసెసరు నుంచి వచ్చే అడ్రస్ ట్రాకు. చిల్లు లోపలి రాగి గొట్టాన్ని క్షారం తినేసింది. అటూ ఇటూ ట్రాకు బాగానే ఉంది, మధ్యలో ఆ గొట్టమే లేదు. ఒక వైరు ముక్క దూర్చి రెండు వైపులా టంకం వేశాను.

ఇంకోటి మిగిలింది. రెజొనెన్స్ నాబ్ 8 దగ్గర పెట్టి దాచితే, పిలిచినప్పుడు 3 దగ్గర ఉన్నట్టు పలుకుతోంది. 6 దాచితే 1. 4 దాచితే మాత్రం 4. అయిదు దాటిన ప్రతిదానిలోనూ అయిదు తగ్గిపోతోంది! అంకెలో పెద్ద బిట్ నిలవడం లేదు. సగానికి పైన ఉన్నదంతా దాంతో పోతోంది. అటాక్ నాబ్ కూడా అంతే. మాన్యువల్‌లో బాగుండి, దాచి తీస్తే చెడుతోందంటే తప్పు ఆ రెంటికీ మధ్యనే. డేటా గీత బాగుంది, సాకెట్ కొత్తది. ఈసారి నిజంగానే చిప్.

జూన్ 21, శనివారం

కోఠీ గుజరాతీ గల్లీ. పాత సీమాస్ రామ్ చిప్ అడిగితే కుర్రాళ్ళు నవ్వుతారు. వెనక గదిలో కూర్చునే పెద్దాయన మాత్రం నంబరు వినగానే లేచి, రేకు డబ్బా దించారు. నల్ల ఫోమ్‌కి గుచ్చిన చిప్పులు, కాళ్ళు ఇంకా తళతళలాడుతున్నాయి. "ఎవరికయ్యా ఇవి?" అన్నారు. మ్యూజిక్ పెట్టెకి అని చెప్తే ధర తగ్గించారు.

చిప్ వేశాక రెజొనెన్స్ 8 అంటే 8.

జూన్ 24, మంగళవారం

సెల్ ఏది వెయ్యాలన్నది తేల్చుకోవాలి. పాతరకమే వేస్తే ఇంకొన్నాళ్ళకి ఇదే కథ. లిథియం కాయిన్ సెల్ కారడం తక్కువ, కానీ దాన్ని ఛార్జి చెయ్యకూడదు. ఈ బోర్డులో పాత సెల్‌ని ఛార్జి చేసే దారి ఒకటుంది. ఆ దారి మూయకుండా సీఆర్2032 వేస్తే ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. అడ్డంగా డయోడ్ పెట్టాలి. మామూలు సిలికాన్ డయోడ్ కన్నా చిన్న షాట్కీ వేస్తే వోల్టేజి తక్కువ పోతుంది. పెద్ద షాట్కీలు వెనక్కి కారతాయి, పనికిరావు. బ్యాట్85 వేశాను. స్విచ్ ఆపి మెమరీ చిప్ కాలు మీద చూస్తే 2.8 వోల్టులు. ఇలాంటి సీమాస్ చిప్పులకి 2 వోల్టులుంటే జ్ఞాపకం నిలుస్తుంది.

సెల్ ఎంత ఖర్చవుతోందో కూడా చూశాను. దారిలో పది కిలోఓమ్‌ల రెసిస్టరు పెట్టి దాని మీద కొలిస్తే 20 మిల్లీవోల్టులు. అంటే 2 మైక్రోయాంపులు. సీఆర్2032లో సుమారు 220 మిల్లీయాంప్-గంటలుంటాయి. లెక్కకి పన్నెండేళ్ళు పైచిలుకు. లెక్కని నమ్మను, సెల్ వాడకపోయినా అరుగుతుంది. అయిదేళ్ళకోసారి మార్చమంటాను. హోల్డరుని బోర్డు మీద కాకుండా రెండు వైర్లతో పెట్టె గోడకి బిగించాను. రేపు ఏది కారినా బోర్డు మీద పడదు.

జూన్ 26, గురువారం

మధ్యాహ్నం కరెంటు పోయింది. వచ్చాక వింటే డీ3 గరగరలాడుతోంది, మిగతావన్నీ క్షేమం. మంచిదే, పెట్టె ఇంటికి చేరాక బయటపడకుండా ఇక్కడే పడింది.

కరెంటు పోయేటప్పుడు 5 వోల్టులు ఒక్కసారిగా సున్నా కావు, దిగుతాయి. ఆ దిగుడులో ప్రాసెసరుకి పిచ్చి లేస్తుంది, ఏది పడితే అది రాస్తుంది. అంతకు ముందే మెమరీ తలుపు మూసెయ్యాలి. ఆ పని చేసే చిన్న ఏర్పాటు బోర్డు మీద ఉంటుంది. డిమ్మర్‌స్టాట్ మీద పెట్టి మెయిన్స్ మెల్లగా దించుతూ చూశాను. చిప్ సెలెక్ట్ గీత తటపటాయిస్తోంది. దానికి ఆసరాగా ఉన్న రెసిస్టరు కాలు పెయింటు కింద సగం తెగి ఉంది. క్షారం ఇంత దూరం పాకిందని అనుకోలేదు నేను. మార్చాక డిమ్మర్‌స్టాట్‌తో ఎంత ఏడిపించినా డీ3 చెక్కు చెదరలేదు.

జూన్ 29, ఆదివారం

మాస్టారికి ఫోన్ చేశాను. పెట్టె బాగైంది, కంపెనీ సౌండ్లు ఎక్కిస్తానన్నాను. "నావి?" అన్నారు. టేపులో ఎక్కించి పెట్టుకున్నారా అని అడిగితే గుర్తు లేదన్నారు. వెనకనుంచి అమ్మగారి గొంతు: "ఆ కీచు క్యాసెట్టేమో! పిల్లలు పాటనుకుని పెట్టి జడుసుకున్నారు, అదే."

సాయంత్రం మనవడు తెచ్చిచ్చాడు. లేబుల్ మీద బాల్‌పెన్నుతో "పాలీ - చెరపొద్దు".

జూలై 1, మంగళవారం

క్యాసెట్లో టేపుని హెడ్డుకి అదిమే మెత్త ఊడిపోయింది. టేపుని వేరే షెల్‌లోకి మార్చాను. మాస్టారు అప్పట్లో ఎక్కించిన డెక్ హెడ్డు ఏ వంపులో ఉందో, నాదీ అదే వంపుకి రావాలి. లేకపోతే పై శబ్దాలు మొద్దుబారి, సున్నాకీ ఒకటికీ వాడిన రెండు స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. హెడ్డు పక్క స్క్రూని సన్న స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పుతూ విన్నాను. ఒకచోట ఆ కీచు గాజు మీద గీసినట్టు పదునెక్కింది. అక్కడ ఆపాను.

నేరుగా పెట్టెకి ఇవ్వకుండా ముందు కంప్యూటర్లో వేవ్ ఫైలుగా తీసుకున్నాను. ఎంపీ3 చేస్తే ఇలాంటి శబ్దం మొహం మారిపోతుంది. ఒకచోట టేపు మడతపడి శబ్దం కుంగింది, అక్కడ మాత్రం లెవెల్ పెంచాను. పాలీసిక్స్‌కి ఆడించాను. ఎర్రర్. లెవెల్ తగ్గించాను, మళ్ళీ ఎర్రర్. స్టీరియో పిన్ను మోనో జాక్‌లో సరిగ్గా కూర్చోవడం లేదని మోనో కేబుల్ మార్చాక పట్టింది.

ఏ1 నొక్కాను. కంపెనీ సౌండు కాదది.

జూలై 5, శనివారం

మాస్టారు వచ్చారు. కుర్చీ కాస్త ఎత్తు పెంచమన్నారు. ఏ1 నుంచి మొదలుపెట్టి ఒక్కోటి నొక్కుతూ వెళ్ళారు. కొన్నిటికి తలాడించారు, కొన్నిటి దగ్గర ఆగి రెండు వరసలు వాయించారు, కొన్ని ఎందుకు చేశారో ఆయనకే తెలియలేదు.

సీ4 దగ్గర ఆగారు. సన్నాయిని దగ్గరగా పట్టిన సౌండు. ఆ రోజు సన్నాయి వాయించేవాళ్ళు రాకపోతే స్టూడియోలోనే అప్పటికప్పుడు చేశారట. వాయించారు, మొహం చిట్లించారు. అటాక్ కొంచెం తగ్గించి, ఫిల్టరు సగం మూసి, మళ్ళీ వాయించారు. ఇంకొంచెం తిప్పారు.

"అప్పుడే నచ్చలేదయ్యా ఇది. టైము లేక అలాగే లాగించేశా," అంటూ రైట్ నొక్కి, సీ4 నొక్కేశారు.

పాతది నా దగ్గర కంప్యూటర్లో ఉంది మాస్టారూ, కావాలంటే వెనక్కి ఎక్కిస్తానన్నాను.

"ఎందుకు?" అన్నారు, చేతులు మెట్ల మీదనుంచి తియ్యకుండానే.

ఇంకో నాలుగైదు సౌండ్లు సవరించాలట, పెట్టె వచ్చే వారం తీసుకెళ్తారట. అన్నీ అయ్యాక కొత్త క్యాసెట్లో ఎక్కించి ఇమ్మన్నారు. కంప్యూటర్ మీద ఆయనకి నమ్మకం లేదు. ఖాళీ క్యాసెట్లు కోఠీలో ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటాయేమో, రేకు డబ్బా పెద్దాయన్నే అడగాలి.